తలదెబ్బ మీద మన దగ్గర చెప్పుకునే మాటలు: ఏది నిజం, ఏది కాదు?

నాగావళి_గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

రోడ్డు మీద బండి పడితే చాలు, చుట్టూ చేరిన నలుగురిలో ఒకరు తప్పకుండా అంటారు: "రక్తం బయటికి పోయింది కదా, ఇంక భయం లేదు, లోపల గడ్డకడితేనే ప్రమాదం." రెండోవారు "బొప్పి పైకి లేచింది, మంచిదే" అంటారు. మూడోవారు సీసా మూత తీసి నోట్లో నీళ్ళు పోస్తారు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే పొడుగునా ఇదే వరస. క్యాజువాలిటీలో, అంబులెన్సులో, స్కానింగ్ గదిలో పనిచేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వీటిలో ఏది ఎందుకు తప్పో వివరంగా రాయండి. రోగుల పేర్లు, ఫిల్ముల ఫొటోలు మాత్రం పెట్టకండి.

రాత్రి_డ్యూటీ

రక్తంతోనే మొదలెడదాం. బయటికి పోయే రక్తానికీ లోపల చేరే రక్తానికీ సంబంధం లేదు. నెత్తి చర్మంలో రక్తనాళాలు గట్టి పీచులో ఇరుక్కుని ఉంటాయి. తెగినప్పుడు చేతికో కాలికో తెగినట్టు ముడుచుకోలేవు. అందుకే రెండంగుళాల చీలికకే చొక్కా మొత్తం తడిసిపోతుంది. చూడడానికి ఘోరంగా ఉంటుంది గాని, ఆరు కుట్లతో ఆగిపోతుంది. లోపలి రక్తం పుర్రెకీ మెదడు పొరకీ మధ్య, లేదా పొర కింద, లేదా మెదడులోనే చేరుతుంది. దానికి బయటికి దారి లేదు. పుర్రె ఇత్తడి చెంబులాంటిది, సాగదు. లోపల రక్తం పెరిగినకొద్దీ మెదడు నలుగుతుంది. ఒక్క చుక్క బయటికి రాకుండా కూడా ఇది జరగొచ్చు, బోలెడంత రక్తం పోయినవాడికీ జరగొచ్చు. బొప్పి కూడా అంతే, అది చర్మం కింద రక్తం. లోపల ఏముందో బొప్పి చెప్పదు.

కారుతున్న రక్తం ఆపాలంటే ఉతికిన గుడ్డ మడతపెట్టి గాయం మీద పెట్టి, అరచేత్తో గడియారం చూసుకుని పది నిమిషాలు నొక్కి ఉంచాలి. "ఆగిందా" అని మధ్యలో ఎత్తి చూడకూడదు, ఎత్తితే కట్టిన గడ్డ ఊడిపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. గుడ్డ తడిసిపోతే దానిమీదే ఇంకొకటి వెయ్యాలి. వేలికి ఎముక లోపలికి సొట్టపోయినట్టు తగిలితే మాత్రం మధ్యలో నొక్కకండి. తువ్వాలు చుట్టలా చుట్టి గాయం చుట్టూ పెట్టి కట్టండి. తలలో గుచ్చుకున్న ఇనుప ముక్క, గాజు ముక్క లాగకండి.

కాఫీ పొడి, పసుపు, సున్నం వెయ్యొద్దు. అవి రక్తం ఆపడం సంగతి అటుంచి, కుట్లు వేసేముందు ఆ ముద్దంతా కడగడానికే అరగంట పడుతుంది. కింద ఎముక విరిగి ఉంటే ఆ పొడి నేరుగా మెదడు పొర మీదికి పోతుంది.

చెవిలోంచో ముక్కులోంచో నీళ్ళలాంటిది కారితే, కళ్ళ చుట్టూ రెండువైపులా నల్లగా కమిలితే, చెవి వెనక ఎముక మీద నీలం మచ్చ తేలితే పుర్రె అడుగుభాగం విరిగిందని అనుమానించాలి. ఆ చెవిలో దూది కుక్కకండి, ముక్కు చీదనివ్వకండి. కారనివ్వండి.

పలాస_జీడిపప్పు

ఇదంతా బాగుంది గాని సార్, నిద్ర సంగతేటి? మా వైపు తలకి దెబ్బ తగిలినోడిని తెల్లారేదాకా పడుకోనివ్వరు. మొహం మీద నీళ్ళు కొడతారు, కాఫీ పట్టిస్తారు. పడుకుంటే కోమాలోకి ఎల్లిపోతాడంటారు.

రాత్రి_డ్యూటీ

ఆ భయం గాల్లోంచి పుట్టలేదు. కణత దగ్గర పుర్రె పల్చగా ఉంటుంది, దాని లోపలివైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. అక్కడ దెబ్బ తగిలి ఎముక చిట్లితే ధమని తెగుతుంది. మనిషి కాసేపు స్పృహ తప్పి, లేచి, బాగానే మాట్లాడి, ఇంటికి నడిచి వెళ్ళి, గంటో నాలుగు గంటలో గడిచాక మగతలోకి జారుకుంటాడు. ఆ మధ్యలో బాగున్న సమయాన్ని చూసే "పడుకున్నాడు, పోయాడు" అన్న మాట వచ్చింది. నిద్ర వల్ల రక్తస్రావం రాదు. లోపల రక్తస్రావం అవుతోంది కాబట్టే మగత వచ్చింది. కాఫీ పట్టించి కూర్చోబెడితే ఆ రక్తం ఆగదు. పైగా మనిషి అలసిపోయి, మగత ఏదో నిద్ర ఏదో తెలియకుండా పోతుంది.

డాక్టరు చూసి ఇంటికి పంపాక పడుకోవచ్చు. మొదటి రాత్రి లేపి చూడమంటే రెండు గంటలకోసారి చాలు. లేపినప్పుడు పేరు, ఎక్కడున్నాడు, రాత్రి ఏం తిన్నాడు అని అడగండి. రెండు చేతులతో మీ చేతులు ఒకేసారి బిగించమనండి, రెండువైపులా పట్టు సమానంగా ఉండాలి. కంటిపాపలు రెండూ ఒకే సైజులో ఉన్నాయా చూడండి. కాగితం మీద టైం వేసి రాయండి. విసుక్కుని "పడుకోనీ" అని తిట్టి అటు తిరిగితే సంతోషించండి, మెదడు పనిచేస్తోంది. తట్టినా గట్టిగా పిలిచినా కళ్ళు తెరవకపోతే, ఎప్పుడూ లేని గురక కొత్తగా మొదలైతే అది నిద్ర కాదు. తెల్లారేదాకా ఆగొద్దు.

తలదెబ్బలో చూడాల్సింది గాయం పెద్దదా చిన్నదా అన్నది కాదు, గంట కిందటికీ ఇప్పటికీ మనిషిలో మార్పు ఏమిటన్నదే. పెరుగుతున్న తలనొప్పి, రెండుసార్లో అంతకుమించో వాంతులు, మాట తడబాటు, ఒకవైపు బలహీనత, ఫిట్స్, పొంతన లేని మాటలు. వీటిలో ఏది కనబడ్డా బండి ఎక్కించాల్సిందే.

ఇంకోటి. "స్పృహే తప్పలేదు, మెదడుకి ఏమీ కాలేదు" అన్నదీ తప్పే. కంకషన్ అనే మెదడు అదురు వచ్చిన ఎక్కువమందికి స్పృహ అసలు తప్పదు. తల దేనికీ తగలాల్సిన పనికూడా లేదు. వెనకనుంచి లారీ గుద్దినప్పుడు మెడ ఝాడించినా మెదడు లోపల అదురుతుంది.

వంశధార_108

రోడ్డు మీద మొదటి పది నిమిషాల సంగతి నేను రాస్తాను.

నీళ్ళు పొయ్యకండి. సగం స్పృహలో ఉన్నవాడికి మింగే తెలివి ఉండదు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్ కావాల్సివస్తే కడుపు ఖాళీగా ఉండడమూ మంచిదే.

లేపి కూర్చోబెట్టకండి. తలకి గట్టి దెబ్బ తగిలితే మెడ ఎముక కూడా విరిగిందనే అనుకోవాలి. ఒకరు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో చెవుల మీదుగా తలని పట్టుకుని కదలకుండా ఉంచాలి. వాంతి చేసుకుంటుంటే ముగ్గురు నలుగురు కలిసి తల, భుజాలు, నడుము ఒకే దుంగ దొర్లినట్టు పక్కకి తిప్పాలి. తలని ఒక్కదాన్నే తిప్పకూడదు. ఒంటరిగా ఉంటే మాత్రం ఊపిరి ముందు, మెడ తరవాత. వాంతి గొంతుకి అడ్డం పడితే మూడు నిమిషాల్లో మనిషి పోతాడు.

హెల్మెట్ లాగి పారెయ్యకండి. ఊపిరి బాగా ఆడుతుంటే అద్దం పైకెత్తి అలాగే ఉంచండి. గురక పెడుతున్నా, నోట్లో రక్తం ఉన్నా తియ్యాలి, కాని ఇద్దరు కావాలి. ఒకరు తలవైపు నుంచి హెల్మెట్‌ని రెండుపక్కలా పట్టుకుని నిలపాలి. రెండోవారు పట్టీ విప్పి, ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి మెడ వెనక పెట్టి తల బరువు మొయ్యాలి. అప్పుడు మొదటివారు హెల్మెట్ అంచుల్ని బయటికి లాగి వెడల్పు చేస్తూ మెల్లగా జార్చాలి.

మందు వాసన వస్తే "తాగి పడిపోయాడు, దిగాక లేస్తాడు" అని గట్టున పడుకోబెడతారు. ఇంతకన్నా ప్రమాదమైన మాట లేదు. తాగినవాడు పడితే తల కాపాడుకోలేడు, పైగా రోజూ తాగేవాడికి రక్తం త్వరగా గడ్డకట్టదు. తాగినా సరే, పిలిస్తే పలకకపోతే తలదెబ్బే అనుకుని నడుచుకోండి.

108కి ఫోన్ చేసినప్పుడు కిలోమీటరు రాయి నెంబరు, ఏ వైపు రోడ్డు, ఎంతమంది, పలుకుతున్నారా లేదా చెప్పండి. దెబ్బ తగిలిన టైం చూసి గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రిలో మొదటి ప్రశ్న అదే.

కోటబొమ్మాళి_కిరాణా

108 వచ్చేదాకా ఆగలేని చోట్లు ఉంటాయి కదా. మెళియాపుట్టి కొండల వైపో, సాలూరు పైనో అయితే ఏం చెయ్యాలి? ఆటోలో వెయ్యొద్దంటే ఎలాగ?

వంశధార_108

ఆటో సీటు మీద నడుం మడిచి, తల ఒకరి ఒళ్ళో వేలాడేసి తీసుకెళ్ళొద్దు అంటున్నాను. అలా గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి సగం మూసుకుంటుంది. చదునుగా పడుకోబెట్టగలిగే బండి ఏదైనా పరవాలేదు. ట్రాలీ ఆటో, పాల వ్యాన్, టాటా ఏస్ ఏదైనా సరే. తలుపు చెక్కో, బల్లో, నవారు తీసిన మడతమంచం చట్రం మీద వేసిన చెక్కో కింద పెట్టండి. తలకి రెండుపక్కలా మడిచిన దుప్పట్లు పెట్టి, నుదుటి మీదుగా తువ్వాలు కట్టండి. వీలైతే తలవైపు ఒక అడుగు ఎత్తు ఉండేలా బల్లనే ఏటవాలుగా పెట్టండి, దిండు పెట్టి మెడ వంచకండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది ఇంకో తగువు. "చిన్న ఆసుపత్రిలో ఆగితే టైం దండగ, ఒకేసారి విశాఖ పోదాం" అంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాట. తలదెబ్బకి మొదటి దెబ్బ కన్నా రెండో దెబ్బ చంపుతుంది. రెండో దెబ్బ అంటే ఆక్సిజన్ పడిపోవడం, బీపీ పడిపోవడం. పై బీపీ 90 కన్నా కిందికి ఒక్కసారి పడినా, గట్టి తలదెబ్బ ఉన్నవాళ్ళలో చావు అవకాశం రెట్టింపవుతుందని తొంభైల్లోనే తేలింది. ఊపిరి సరిగా లేనివాడిని దారిలో ఉన్న దగ్గర ఆసుపత్రిలో ఆపి, ఊపిరికి గొట్టం వేయించి, సెలైను పెట్టించి కదలాలి. మెలకువగా, ఊపిరి బాగా ఉన్నవాడినైతే సీటీ స్కాన్, మెదడు ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ రెండూ ఉన్నచోటికే నేరుగా. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళకి విశాఖ కన్నా ఒడిశాలోని బరంపురం దగ్గర, సరిహద్దు అని వెనకాడొద్దు.

సీటీ_గది

స్కానింగ్ మీద ఉన్న అపోహలు నా వంతు.

"సీటీ నార్మల్ వచ్చింది, ఏమీ లేదు." సీటీ చూసేది రక్తం, ఎముక విరుగు, వాపు, మెదడు మధ్యగీత పక్కకి జరగడం. మెదడు నరాల తీగలు సాగి తెగినా, అదిరినా సీటీలో కనబడకపోవచ్చు. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మతిమరుపు ఉన్నా సీటీ శుభ్రంగా ఉండొచ్చు. అది నటన కాదు. అలాగే దెబ్బ తగిలిన అరగంటకే తీసిన సీటీలో చిన్న రక్తపు గీత కనబడక, ఆరుగంటల తరవాత కనబడొచ్చు. మనిషి పరిస్థితి దిగజారుతుంటే రెండో సీటీ అంటారు. అది డబ్బు కోసం కాదు.

"ఎమ్మారై ఇంకా మంచిది, నేరుగా అదే తీయించండి." కొత్త దెబ్బకి సీటీయే ముందు. పడుకోబెట్టి లేపేదాకా ఐదు నిమిషాలు. ఎమ్మారైకి అరగంట పైన, కదలకూడదు, మామూలు ఊపిరి యంత్రాలు లోపలికి రావు. సీటీ మామూలుగా ఉండి మనిషి మాత్రం లేవకపోతే తరవాత ఎమ్మారై.

"పిల్లలకి సీటీ తీస్తే క్యాన్సర్." తల సీటీ రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడెనిమిది నెలల్లో మనకి ఎలాగూ తగిలేంత. అవసరం లేకుండా తీయకూడదు, అవసరమైతే భయపడి ఆపకూడదు. పెద్దల్లో అవసరం ఎప్పుడంటే: రెండుగంటలు గడిచినా పూర్తి తెలివిలోకి రాకపోతే, రెండు అంతకుమించి వాంతులైతే, వయసు 65 దాటితే, పుర్రె అడుగు విరిగిన గుర్తులుంటే, దెబ్బకి ముందు అరగంట పైన ఏం జరిగిందో గుర్తు లేకపోతే, నడిచేవాడిని బండి గుద్దితే, మూడడుగుల పైనుంచి పడితే. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకి ఇవేవీ లేకపోయినా డాక్టరు తీయమంటారు.

రిఫర్ చేసినప్పుడు ఫిల్ముతోపాటు సీడీ అడగండి. ఫిల్ముని కిటికీకి పెట్టి ఫోనుతో తీసిన ఫొటోలో పల్చటి రక్తం కనబడదు.

ఉద్దానం_కొబ్బరి

మా కవిటి, కంచిలి వైపు కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఎక్కువ. "కిడ్నీలున్నోళ్ళకి స్కానింగ్ పడదు" అని సీటీ వద్దంటారు. మరి కొబ్బరి చెట్టు మీంచి పడ్డవాళ్ళ సంగతి?

సీటీ_గది

కిడ్నీకి ఇబ్బంది సీటీ యంత్రంతో కాదు, నరంలో ఎక్కించే రంగు మందుతో. తలదెబ్బకి తీసేది ప్లెయిన్ సీటీ. ఇంజెక్షనే ఉండదు. ధైర్యంగా తీయించండి.

రాత్రి_డ్యూటీ

ఉద్దానం గారి ప్రశ్నకి ఇంకో మూడు కలుపుతాను, ఎందుకంటే ఇవి మన జిల్లాకి ప్రత్యేకం.

కిడ్నీ చెడినవాళ్ళలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోవు, చిన్న దెబ్బకే రక్తం ఎక్కువ కారుతుంది. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. డయాలసిస్ చేయించుకున్న రోజే తలకి దెబ్బ తగిలితే క్యాజువాలిటీలో ఆ మాట మొదటే చెప్పాలి. తరవాత డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు "తలకి దెబ్బ తగిలింది" అని అక్కడా చెప్పాలి. హెపారిన్ లేకుండా చెయ్యొచ్చు. చెప్పకపోతే మామూలుగానే ఎక్కిస్తారు, ఆగిన రక్తస్రావం మళ్ళీ మొదలవుతుంది. మెదడు వాపుకి ఇచ్చే మానిటాల్ కూడా చెడిన కిడ్నీలోంచి బయటికి పోదు, కాబట్టి కిడ్నీ సంగతి దాచొద్దు.

నొప్పికి డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. అవి కిడ్నీనీ తింటాయి, రక్తస్రావాన్నీ పెంచుతాయి. పారాసిటమాల్ చాలు. పెద్దలకి 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరుగంటల ఎడంతో. పిల్లలకి కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు మించకుండా. మాత్ర వేసినా నొప్పి పెరుగుతూ పోతే ఇంకో మాత్ర కాదు, ఆసుపత్రి.

చెట్టు మీంచి పడ్డవాళ్ళలో తల ఒక్కటే చూసి వదిలెయ్యకండి. మడమలు, నడుము వెన్నుపూస, మెడ మూడూ చూడాలి.

పైడితల్లి_వీధి

మా అమ్మమ్మల వయసువాళ్ళు బాత్రూములో జారితే "ఆ, చిన్న దెబ్బే" అంటారు. ఎన్నాళ్ళు చూడాలి?

రాత్రి_డ్యూటీ

మూడు నెలల దాకా ఓ కన్నేసి ఉంచాలి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పొరకీ మెదడుకీ మధ్య వంతెనల్లా ఉండే సిరలు బిగిసి ఉంటాయి. చిన్న కుదుపుకే తెగుతాయి. రక్తం బొట్టు బొట్టుగా చేరుతుంది. ఖాళీ ఎక్కువ కాబట్టి మొదట ఏమీ తెలియదు. మూడు వారాలకో రెండు నెలలకో నడక తూలుతుంది, ఒక చెయ్యి బరువనిపిస్తుంది, మాట తికమకగా ఉంటుంది, ఎప్పుడూ నిద్రే. ఇంట్లో "చాదస్తం ముదిరింది" అంటారు, లేదా పక్షవాతం అని నాటువైద్యానికి పోతారు. పక్షవాతమనుకుని రక్తం పల్చబడే మాత్ర మొదలైందా, ఇంక చెప్పక్కర్లేదు. గుండెకి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకి చూపించి అడగండి.

దీనికి వైద్యం సులువు. పుర్రెకి ఒకటో రెండో చిన్న రంధ్రాలు చేసి, నల్లనూనెలా మారిన పాత రక్తాన్ని కడిగేస్తారు. చాలాసార్లు మత్తు పూర్తిగా ఇవ్వకుండానే. పదిమందిలో ఒకరిద్దరికి మళ్ళీ చేరుతుంది, అందుకే తరవాత సీటీకి రమ్మంటారు.

ఫార్మసీ_కౌంటర్

మందుల మీద నాలుగు మాటలు. "బుర్రకి దెబ్బ తగిలింది, స్టెరాయిడ్ సూది వేస్తే వాపు లాగేస్తుంది" అని ఊళ్ళో డెక్సామెథసోన్ ఇంకా వేసేస్తున్నారు. 2004లో వచ్చిన క్రాష్ అనే పెద్ద పరీక్షలో పదివేల మంది తలదెబ్బ రోగుల్ని చూశారు. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళలో రెండు వారాల్లో నూటికి 21 మంది పోతే, ఇవ్వనివాళ్ళలో 18 మంది. మేలు లేకపోగా హాని. మెదడు శక్తికని నెలల తరబడి రాసే సిటికోలిన్ మాత్రల్ని 2012లో పరీక్షించారు. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా బాగుపడింది ఏమీ లేదు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టడం నయం.

పనికొచ్చేది రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, అదీ దెబ్బ తగిలిన మూడు గంటల్లోపే మొదలుపెడితే. అందుకే వంశధార గారు టైం గుర్తుపెట్టుకోమన్నారు. అది ఆసుపత్రిలో నరంలోకి ఇచ్చేది, ఇంట్లో మాత్ర మింగడం కాదు.

ఫిట్స్ మాత్రలు: గట్టి దెబ్బకి మొదటి వారం ఫిట్స్ రాకుండా ఏడు రోజులు ఇస్తారు. ఒక్కసారీ ఫిట్స్ రానివాళ్ళు ఏళ్ళ తరబడి వేసుకున్నా భవిష్యత్తులో మూర్ఛ రాకుండా అవి ఆపలేవు. అలాగని ఫిట్స్ వచ్చినవాళ్ళు సొంతంగా ఆపితే గొడవ. చీటీలో ఎన్నిరోజులో రాసి ఉందో అడిగి తెలుసుకోండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం అక్కర్లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్.

పలాస_జీడిపప్పు

సినిమాల్లో ఇంకో దెబ్బ తగిలితే గతం గుర్తొచ్చేస్తాది కదా 😀 కోమాలో ఉన్నోడు కూడా ఒక్కసారే కళ్ళు తెరిచి "అమ్మా" అంటాడు.

నెల్లిమర్ల_ఫిజియో

రెండో దెబ్బ తగిలితే గతం రాదు, ఉన్నది పోతుంది. మొదటి అదురు తగ్గకముందే పిల్లాడికి ఇంకో దెబ్బ తగిలితే మెదడు అమాంతం వాచి ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. అరుదే, కాని ఉన్నాయి.

కోమా సినిమాలోలా తెల్లారినట్టు విడిపోదు. మొదట కళ్ళు తెరుస్తారు, చూపు ఉండదు. తరవాత ఎప్పుడో చూపు మనిషి వెంట తిరుగుతుంది. చెయ్యి బిగించమంటే ఒకసారి బిగిస్తారు, ఒకసారి బిగించరు. మాట వచ్చాక కూడా వారాల తరబడి ఇవాళ జరిగింది రేపటికి గుర్తుండదు, పలవరిస్తారు, గొట్టాలు పీకుతారు, తిడతారు. అప్పుడు ఇంటివాళ్ళు "పిచ్చెక్కింది" అని ఏడుస్తారు. అది కోలుకునే దారిలో ఒక మజిలీ. ఆ వార్డులో ఒకేసారి పదిమంది చుట్టాలు చేరి "నన్ను గుర్తుపట్టావా" అని పరీక్షలు పెట్టకూడదు. ఒక్కరే, మెల్లగా, పేరూ ఊరూ రోజూ చెబుతూ మాట్లాడాలి. టీవీ వద్దు.

స్కోరు మీద ఒక మాట. స్పృహని కొలిచే గ్లాస్గో స్కోరు కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తుంది, సున్నా ఉండదు. "పదిహేనుకి మూడు వచ్చాయట, ఇరవై శాతం బాగున్నాడు" అనుకోవడం పొరపాటు. 8, అంతకు తక్కువ అయితే గట్టి దెబ్బ.

నాగావళి_గట్టు

"ఎముక కోసి పొట్టలో పెట్టారు" అన్నది కూడా వింటాం. నిజమేనా? మోసమంటారు చాలామంది.

నెల్లిమర్ల_ఫిజియో

నిజమే, మోసం కాదు. మెదడు బాగా వాచినప్పుడు ఒకవైపు పుర్రె పలక తీసేసి చోటిస్తారు. ఆ పలకని పాడవకుండా పొట్ట చర్మం కింద కొవ్వులో దాస్తారు, లేదా డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతారు. వాపు తగ్గాక, మామూలుగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, తిరిగి బిగిస్తారు. ఎక్కడ పెట్టారో డిశ్చార్జి చీటీలో రాయించుకోండి. అప్పటిదాకా ఆ వైపు పడుకోబెట్టకూడదు, మంచం దిగేటప్పుడు హెల్మెట్ పెట్టాలి. "బాగానే ఉన్నాడు, రెండో ఆపరేషన్ ఎందుకు" అని ఏళ్ళు వదిలేస్తే చర్మం లోపలికి గుంటపడి, నిలబడితే తలనొప్పి, నీరసం, ఒకవైపు బలహీనత వస్తాయి.

దీనికి ఎదురు అపోహ "మెదడులో రక్తం గడ్డ అంటే ఆపరేషనే". పొర పైన గడ్డ 30 మిల్లీలీటర్ల లోపు, మందం 15 మిల్లీమీటర్ల లోపు ఉండి, మధ్యగీత 5 మిల్లీమీటర్లు కూడా జరగకుండా, మనిషి మెలకువగా ఉంటే ఐసీయూలో ఉంచి, మళ్ళీ మళ్ళీ సీటీ తీస్తూ కాపలా కాస్తారు. శరీరమే దాన్ని పీల్చేస్తుంది.

ఇంటికొచ్చాక అసలు కష్టం. కోపం, సిగ్గు లేని మాటలు, ఏ పనీ మొదలుపెట్టకపోవడం, దుబారా. దయ్యం పట్టిందని విభూతి పెట్టిస్తారు. నొసలు వెనకున్న మెదడు భాగం బ్రేకులాంటిది, అది దెబ్బతింటే మనిషి ఆగలేడు. వాదించకండి. ఒకసారికి ఒకే పని చెప్పండి, గోడమీద రోజువారీ పట్టిక రాసి అతికించండి, చప్పుడు తగ్గించండి. డబ్బూ బండి తాళాలూ కొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచండి. చాలామందికి వాసన కూడా పోతుంది, వాళ్ళు చెప్పరు. గ్యాస్ లీకైనా, కూర పులిసినా తెలియదు. కాఫీ పొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టి అడగండి.

"ఆరు నెలల్లో ఎంత వస్తే అంతే" అన్నదీ నమ్మకండి. వేగం మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ. తరవాత నెమ్మదిగా అయినా రెండేళ్ళు, ఇంకా పైన కూడా మెరుగుపడతారు.

బొబ్బిలి_పీఈటీ

స్కూలు పిల్లలకి నెలరోజులు చీకటి గదిలో ఉంచాలంటారు, కరెక్టేనా? కబడ్డీ మళ్ళీ ఎప్పుడు ఆడించాలి?

నెల్లిమర్ల_ఫిజియో

చీకటి గది పాత మాట. మొదటి ఒకటి రెండు రోజులు తేలిక విశ్రాంతి, ఫోను తక్కువ. ఇంట్లో నడవొచ్చు. తరవాత ఇరవై నిమిషాల చదువు, లక్షణాలు బాగా పెరగకపోతే పెంచుకుంటూ సగం పూట బడి, ఆపైన పూర్తి పూట. ఆట ఆరు మెట్లు: రోజువారీ పనులు, నడక లేదా సైకిలు, ఒంటరిగా పరుగు, ఒకరికొకరు తగలని సాధన, డాక్టరు సరేనన్నాక పూర్తి సాధన, పోటీ. మెట్టుకి కనీసం ఒక రోజు. తలనొప్పి గట్టిగా పెరిగితే ఆపి, మర్నాడు మళ్ళీ. పోటీకి రావడానికి పెద్దలకి తరచుగా రెండు వారాలు, పిల్లలకి నాలుగు పడుతుంది. కర్ణం మల్లీశ్వరి మన వైపు మనిషే కదా, బరువులెత్తే పిల్లలు తొందరపడతారు. బిగబట్టి లేపే బరువులు చివరి మెట్లలోనే. ఆట మధ్యలో తలకి తగిలి తూలిన పిల్లాడిని ఆరోజు మళ్ళీ కోర్టులోకి దింపకూడదు, ఎంత బతిమాలినా.

కోర్టు_వీధి

హెల్మెట్, కాగితాలు. హెల్మెట్ ఉంటే చావు అవకాశం 42 శాతం, తలదెబ్బ 69 శాతం తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది. సున్నా అవదు. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, లోపల మెదడు అదరడాన్ని పూర్తిగా ఆపలేదు. కాబట్టి "హెల్మెట్ ఉంది, చూపించక్కర్లేదు" అనొద్దు. ఐఎస్ 4151 నెంబరుతో ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. కనుబొమల పైన టేపు చుట్టి కొలత తీసుకోండి. పట్టీ కింద రెండు వేళ్ళకి మించి దూరకూడదు. పట్టీ పెట్టని హెల్మెట్ మనిషికన్నా ముందు ఎగిరిపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది పగుళ్ళు కనబడకపోయినా మార్చాలి, లోపలి థర్మాకోల్ ఒకసారే నలుగుతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చున్నవారికీ తప్పదు.

ఆసుపత్రికి తెచ్చినవాళ్ళు కేసులో ఇరుక్కుంటారన్న భయం అక్కర్లేదు. 134ఏ సెక్షన్ కాపాడుతుంది, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో, ఏడు రోజుల దాకా లక్షన్నర వరకూ నగదు లేని వైద్యం పథకం ఉంది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసులకి తెలిపే మెడికో-లీగల్ కేసు) నమోదు చేయించండి. గాయాల పత్రం, సీటీ, డిశ్చార్జి చీటీ నకళ్ళు దాచండి. పరిహారం దావా ఆరు నెలల్లోపే వేసేయండి. 2016 వికలాంగుల చట్టం జాబితాలో తలదెబ్బ పేరు విడిగా లేదు, అందుకే సర్టిఫికెట్‌కి వెళ్ళినప్పుడు చెయ్యీ కాలూ బలహీనతతోపాటు మతిమరుపు, మాట, ప్రవర్తన కూడా పరీక్షించమని అడగాలి.

పైడితల్లి_వీధి

ఒక్కటి మిగిలిపోయింది. మంచం మీంచి పడ్డ పసిపిల్లలు?

రాత్రి_డ్యూటీ

రెండేళ్ళలోపు పిల్లలు చెప్పలేరు కాబట్టి మనమే చూడాలి. మూడడుగుల పైనుంచి పడితే, కొన్ని క్షణాలైనా స్పృహ తప్పితే, పాలు తాగకపోతే, ఎత్తుకున్నా ఏడుపు ఆగకపోతే, ఏడవనప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుని ఉంటే వెంటనే తీసుకెళ్ళండి. బొప్పి ఎక్కడుందో చూడండి. నుదుటి మీద గట్టి బొప్పి కన్నా, తల పక్కనో వెనకో మెత్తగా, నీళ్ళ సంచిలా తగిలే వాపు ఎక్కువ అనుమానించాల్సింది, దాని కింద ఎముక చిట్లి ఉండొచ్చు. ఏడుపు ఆగడానికి పిల్లని గట్టిగా ఊపకండి, ఊపుకే లోపల సిరలు తెగుతాయి. ఏడ్చి ఊరుకుని, పాలు తాగి, ఆడుకుంటుంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఇంట్లో చూడొచ్చు. మూడు నెలల లోపు పిల్లయితే ఆ లెక్కలేవీ వద్దు, దెబ్బ ఎంత చిన్నదైనా ఆరోజే చూపించండి.